అంటుకున్నది పెద్దోడికి, అంటనిది చిన్నోడికి

రాజులు కిరీటం పెట్టుకున్న తారీఖులు చరిత్ర పుస్తకాల నిండా ఉంటాయి. ఒక నాలుగో తరగతి టీచరు కళ్ళద్దాలు తీసి డబ్బాలో పెట్టుకున్న తారీఖులు మాత్రం ఏ పుస్తకంలోనూ కనబడవు. చరిత్రకారుల అశ్రద్ధకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. కిరీటం ఎవడి తలకెక్కినా వీధిలో ఎవడి పనీ ఆగదు. ఆవిడ కళ్ళద్దాలు ముక్కు దిగాయంటే మాత్రం టైలరు మిషను తొక్కడం ఆపేసేవాడు, టీ కొట్టాయన గాజు గ్లాసులు లోపల సర్దేసేవాడు, మందుల షాపాయన ఎవరూ అడక్కుండానే దూదీ అయొడినూ తీసి బల్లమీద పెట్టుకుని ఎదురుచూసేవాడు.

ఆ దించడానికీ ఒక క్రమం ఉంది. ముందు కుడిచెవి, ఆ తర్వాత ఎడమచెవి. చేతిరుమాలుతో ఒకసారి తుడవడం. రేకు డబ్బాలో పెట్టి టప్పున మూయడం. డబ్బాని సంచిలో వేసి, సంచిని పక్కనెవరుంటే వాళ్ళ చేతికివ్వడం. "కాస్త పట్టుకోండి, లోపల చిన్న పనుంది," అనేది. ఆ చిన్న పనేమిటంటే, లోపల ఒకరి పీక ఒకరు పట్టుకున్న ఇద్దరు మనుషుల మధ్యకి వెళ్ళి నిలబడటం.

ఆవిడను జల్లెడ టీచరు అనేవారు. భుజాన సంచీ, సంచీలోంచి తొంగిచూసే జల్లెడా లేకుండా ఆవిడ బడికి రావడం ఎవరూ చూడలేదు. సైన్సు పుస్తకంలో మొక్కలున్నాయి, జంతువులున్నాయి, గాలీ నీరూ ఉన్నాయి. అవన్నీ చెప్పేది, చెప్పాలి కాబట్టి. ప్రాణం పెట్టి చెప్పేది ఒక్క పాఠమే: కలపడం, వేరుచేయడం. బియ్యంలో రాళ్ళు పోసి ఏరించేది. పిండిలో గింజలు కలిపి జల్లించేది. బురదనీళ్ళు గ్లాసులో పోసి, "ముట్టుకోకండి, మాట్లాడకండి, దాని మానాన దాన్ని వదిలేస్తే అదే తేరుకుంటుంది," అని తరగతి మొత్తం చేత ఊపిరి బిగబట్టించేది. ఇసుకా ఉప్పూ కలిపి, నీళ్ళు పోసి, గుడ్డలో వడగట్టించేది. పిల్లలు ఎంత శ్రద్ధగా వేరుచేసేవారో, సాయంత్రం ఆవిడ అంత శ్రద్ధగానూ అన్నీ మళ్ళీ కలిపి డబ్బాల్లో పోసుకునేది. మర్నాడు రెండో సెక్షనుకి కావాలి కదా.

ఈ పాఠానికి మన భాష చేసిన సేవ తక్కువది కాదు. మిశ్రమాలను వేరుచేసే పద్ధతులని పుస్తకంలో ఇచ్చినవాటిలో సగం, మనుషులకు మర్యాద చేయడానికి కూడా పనికొస్తాయి. తూర్పారబట్టవచ్చు, చెరిగేయవచ్చు, ఏరిపారేయవచ్చు. ఉతికి ఆరేయడం ఆ పాఠంలో లేదు గానీ, చేరిస్తే ఎవరూ ఆక్షేపించరు. ఇక కలపడానికీ కలబడటానికీ ఎంత దూరమో ఒక పిల్ల తేల్చేసింది. బోర్డు మీదున్నది గట్టిగా చదవమంటే, "రెండు పదార్థాలు తీసుకుని ఒక గిన్నెలో బాగా కలబడండి," అని చదివింది. తరగతి గొల్లుమంది. టీచరు నవ్వలేదు, దిద్దనూ లేదు.

"మా ఇంట్లో అదే పద్ధతి," అంది.

ఆ ఇల్లు పాత ఇనుప సామాను కొట్టుకి వెనకాల ఉండేది. ముందు కొట్టు, వెనక రెండు గదులు, మధ్యలో రేకులూ డ్రమ్ములూ విరిగిన ఫ్యాన్లూ నోరు తెరుచుకున్న మోటార్లూ కలగాపులగంగా పడి ఉండే పెరడు. తండ్రిది ఆ కొట్టు. పిల్లల్లో ఆవిడ పెద్దది. ఆ తర్వాత ఇద్దరు తమ్ముళ్ళు, పెద్దోడు, చిన్నోడు. వాళ్ళకి అసలు పేర్లు కూడా ఉన్నాయంటారు. ఎవరూ పిలిచి చూడలేదు.

పాకే వయసులోనే చిన్నోడు పెద్దోడి మీదకి బోల్టు విసిరాడనీ, అది గురి తప్పలేదనీ తల్లి కాస్త గర్వంగానే చెప్పేది. అక్కణ్ణుంచి విద్య వికసించింది. పెద్దోడు చిన్నోడి చెవి కొరికాడు. తమ్మె దగ్గర ఆ గంటు అలాగే ఉంది, అగ్గిపుల్ల పెడితే నిలబడుతుంది. చిన్నోడు సైకిలు చైను తిప్పి పెద్దోడి కనుబొమ్మను రెండు ముక్కలు చేశాడు. పెద్దోడు చిన్నోణ్ణి ఖాళీ డ్రమ్ములో కుక్కి, మూత బిగించి, వీధిలోకి దొర్లించాడు. బయటికి లాగినప్పుడు చిన్నోడి నోట్లో ముందు పళ్ళు లేవు గానీ, చేతిలో రెంచి ఉంది. తండ్రి కాటా పక్కన కూర్చుని చూస్తూ, "కొట్టుకోనీండి. తోమితేనే ఇత్తడి మెరుస్తుంది," అనేవాడు.

మెరుపు సంగతేమో గానీ, మధ్యలో దూరిన అక్క మాత్రం బాగా తోమించుకుంది. మొదటి కళ్ళద్దాలు ఆ పెరట్లోనే పోయాయి. చిటికెనవేలు వంకరైంది. తమ్ముళ్ళు ఒకరికోసం ఒకరు పంపుకున్న దెబ్బల్లో చిరునామాకి చేరినవి కొన్నే. దారిలో అక్క దగ్గర దిగిపోయినవి చాలా.

ఆవిడ మాత్రం తిరిగి చెయ్యెత్తలేదు. బళ్ళో చెప్పే పద్ధతులే ఇంట్లోనూ వాడి చూసింది. వాళ్ళ చేతుల్లోంచి ఆయుధాలు ఒక్కొక్కటే ఏరి పారేసింది. పాత ఇనుము కొట్లో ఆయుధాలు ఏరడమంటే సముద్రాన్ని చెంబుతో తోడటమే. బురదనీళ్ళలాగే తేరుకుంటారని ఇద్దర్నీ ఒక గదిలో పెట్టి గొళ్ళెం వేసింది. తలుపు తీసేసరికి మంచం కోళ్ళు నాలుగూ ఊడి ఉన్నాయి, చెరో రెండూ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆ ఒక్క విషయంలో పంపకం సమంగా జరిగింది.

వీధిలో మిగతా తగాదాలకీ ఆవిడకి పిలుపులొచ్చేవి. ప్లంబరూ అతని బావమరిదీ, టైలరూ గుండీలు కుట్టేవాడూ, ఇలా. అవి ఆవిడకి సెలవురోజుల్లాంటివి. అసలు భయం ఇంట్లోనే. ఆ భయాన్ని ఒకసారి లెక్కల టీచరుతో ఇలా చెప్పుకుంది:

"నాకున్నది ఇద్దరు. మామూలుగా ఇద్దర్లో ఒకడు పోతే ఒకడు మిగలాలి కదండీ? వీళ్ళ విషయంలో సున్నా మిగుల్తుంది. ఒక దెబ్బకి ఒకడు శ్మశానానికి, ఇంకోడు జైలుకి. ఆ ఒక్క దెబ్బా పడకుండా చూసుకుంటే చాలు, నా చదువుకి సార్థకత."

తమ్ముళ్ళకి పెళ్ళిళ్ళయ్యాయి, చెరో కూతురూ పుట్టింది, జుట్టూ నెరిసింది. దెబ్బల బరువు పెరిగింది తప్ప సంఖ్య తగ్గలేదు.

అలాంటి రోజుల్లో తండ్రి పోయాడు. మాట పడిపోయి మంచాన ఉన్న మనిషి, పోయేముందు పూట కళ్ళు తెరిచి, కొడుకులిద్దరూ చెరో పక్కన ఉండగా, స్పష్టంగా ఒక మాటన్నాడు: "అంటుకున్నది పెద్దోడికి, అంటనిది చిన్నోడికి." ఆ తర్వాత మరి మాట్లాడలేదు.

ఇంతకన్నా తేటతెల్లమైన వీలునామా ఉంటుందా? పాత సామాను కొట్టువాడు అయస్కాంతం భాషలో కాక ఇంకే భాషలో చెబుతాడు? అయస్కాంతానికి అంటుకునే ఇనుమంతా పెద్దోడిది. అంటని రాగీ ఇత్తడీ అల్యూమినియమూ చిన్నోడివి. ఒకటి బరువెక్కువ, ఒకటి విలువెక్కువ. వీధి వీధంతా ఆ న్యాయానికి తలూపింది.

తల్లి ఒక్కతే ఊపలేదు. "అది ఆస్తి మాట కాదురా," అంది. "ఆ పూట అన్నం అడుగంటింది. అంటుకున్న మాడుచెక్క పెద్దోడికిష్టం, చిన్నోడికి పడదు. అదీ మీ నాన్న చెప్పింది."

"అమ్మా, నాన్న ఆఖరి మాట అన్నం గిన్నె గురించా?" అన్నాడు పెద్దోడు.

"ఆయన ఆఖరిదాకా పట్టించుకున్నది అదొక్కటేరా నాయనా."

తమ్ముళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మకి దుఃఖంలో మతి చలించిందని ఇద్దరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. వాళ్ళ జీవితంలో ఏకగ్రీవమైన తీర్మానం అదొక్కటే.

సరిగ్గా ఆ వారమే బళ్ళో అయస్కాంతం పాఠం వచ్చింది. పెద్దోడి కూతురూ చిన్నోడి కూతురూ నాలుగో తరగతే, ఒకే బెంచీ. టీచరు ఇనుపరజనూ ఇసుకా కలిపింది. అయస్కాంతం చూపించింది. రజను ఎగిరి అంటుకుంది, పిల్లలు చప్పట్లు కొట్టారు. అంతటితో ఆపి ఉంటే బాగుండేది. చెంచా తీసి, "ఇది స్టీలు. స్టీలుని ఇనుముతోనే చేస్తారు," అంటూ అయస్కాంతం ఆనించింది. చెంచా జారి కిందపడింది.

"అంటలేదేం అత్తా?" అంది చిన్నోడి కూతురు.

"బళ్ళో టీచర్ అనాలి. ఇందులో వేరే లోహాలు కూడా కలిశాయి. కలిస్తే గుణం మారుతుంది. ఏమేం కలుస్తాయంటే..."

గంట కొట్టారు. తరగతి లేచిపోయింది. ఒకే బెంచీ మీంచి లేచిన రెండు సత్యాలు రెండిళ్ళకి వెళ్ళాయి. పెద్దోడి కూతురు, "స్టీలంటే ఇనుమేనంట నాన్నా, అత్త చెప్పింది," అంది. చిన్నోడి కూతురు, "స్టీలు అంటదు నాన్నా, అత్త చూపించింది," అంది. రెండిళ్ళలోనూ తండ్రులు అన్నం ముందునుంచి లేచి, పెరట్లో మూలనున్న స్టీలు సామాన్ల కుప్పని కిటికీలోంచి తొంగిచూశారు.

మర్నాడు మధ్యాహ్నం కొళాయి దగ్గర పిల్లలిద్దరూ జుట్లు పట్టుకున్నారు. టీచరు పరిగెత్తుకొచ్చేసరికి ఒకదాని పిడికిట్లో రెండోదాని రిబ్బను, దానితోపాటు కాస్త జుట్టు కూడా. రెండోదాని పళ్ళు మొదటిదాని ముంజేతిలో.

"వదలవే! ఎందుకే కొట్టుకుంటున్నారు?"

"స్టీలు మా నాన్నది!"

"కాదు, మా నాన్నది!"

"ఎవరు చెప్పారు?"

"నువ్వే!" అన్నారు ఇద్దరూ, బళ్ళో టీచర్ అనాలన్న సంగతి మరిచిపోయి.

టీచరు అక్కడే కొళాయి గట్టుమీద కూర్చుండిపోయింది. ఆ చేతిమీద పళ్ళ గుర్తులు చూసిందేమో, ఆదివారం జరగబోయే పంపకం ఆవిడ కళ్ళముందు కనబడింది. సాయంత్రం తమ్ముళ్ళిద్దరి దగ్గరికీ వెళ్ళి, స్టీలుని పంపకంలోంచి తీసేయమంది. "నాన్న మాట దాటమంటావా అక్కా?" అన్నాడు పెద్దోడు. "సైన్సు మార్చమంటావా అక్కా?" అన్నాడు చిన్నోడు.

ఆదివారం పొద్దున్నే పంపకం మొదలైంది. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు కనక, పగిలిన లౌడ్‌స్పీకర్లోంచి తీసిన గుండ్రటి అయస్కాంతం తాడుకి కట్టి అక్క చేతికిచ్చారు. ఆవిడ కళ్ళద్దాలు తీసి తల్లి ఒళ్ళో పెట్టింది. మందుల షాపాయన సెలవైనా తలుపు తీశాడు.

మొదట్లో అంతా పద్ధతిగానే సాగింది. రేకులు, రాడ్లు, చక్రాలు ఎడమవైపు పెద్దోడికి. కొళాయిలు, గిన్నెలు, తీగలు కుడివైపు చిన్నోడికి. ఒక మోటారు వచ్చింది. అయస్కాంతం ఠక్కున పట్టుకుంది.

"నాది," అన్నాడు పెద్దోడు.

"లోపలున్న రాగి తీగ మీ మామగారు చుట్టాడా?" అన్నాడు చిన్నోడు.

సమ్మెట తెచ్చి మోటారుని చీల్చారు. ఇనుము అటు, రాగి ఇటు. చిన్నోడి దెబ్బ ఒకటి మోటారుకి జానెడు దూరంలో ఉన్న పెద్దోడి బొటనవేలి మీద పడింది. పొరపాటే అన్నాడు. పెద్దోడు ఆ పొరపాటుని కొళాయి గొట్టంతో వాడి మోచేతి మీద తిరిగి చెల్లించాడు. అక్క ఇద్దర్నీ తూర్పారబట్టింది. పని ముందుకి నడిచింది.

పెరటి మూల చిన్నోడి భార్య డ్రమ్ములో నిప్పు వేసి, తమ వాటాకొచ్చిన కరెంటు వైర్ల మీది ప్లాస్టిక్కు కాలుస్తోంది. పొగంతా పెద్దోడి భార్య మీదకి పోతోంది.

"ఏం చెల్లీ, గాలిని కూడా మీ వాటాలో రాయించుకున్నారా?" అందావిడ దగ్గుతూ.

"గాలి అయస్కాంతానికి అంటదు కదక్కా. మాదే."

చివరికి స్టీలు కుప్ప వచ్చింది. పళ్ళాలు, గ్లాసులు, ట్రేలు, అన్నిటికీ అడుగున ఒక పెద్ద సింకు. అక్క అయస్కాంతం ఆనించింది. జారింది. మళ్ళీ ఆనించింది. మళ్ళీ జారింది.

చిన్నోడు చేతులు నలుపుకుంటూ ముందుకొచ్చాడు. పెద్దోడు వాడి ఛాతీ మీద చెయ్యి పెట్టాడు.

"స్టీలంటే ఇనుమేరా. అక్కే చెప్పింది. చెప్పావా లేదా అక్కా?"

"చెప్పాను."

"అంటదని కూడా అక్కే చూపించింది," అన్నాడు చిన్నోడు. "చూపించావా లేదా?"

"చూపించాను."

"రెండూ ఎలా నిజమవుతాయి?"

"అవుతాయిరా. కలిస్తే దేనికైనా గుణం మారుతుంది. మీ ఇద్దరికి తప్ప."

పెద్దోడు ఆవిడ చేతిలోంచి తాడు లాక్కున్నాడు. సింకు నడిమధ్య అయస్కాంతం పెట్టాడు, జారింది. దాన్నలాగే పైకి జరుపుకుంటూ వంచిన అంచు దగ్గరికి తెచ్చాడు. అక్కడ అది ఆగింది. గట్టిగా కాదు, ఇష్టం లేని చుట్టం చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుంది.

"అంటుకుంది!"

"వంచినచోట అలాగే కాస్త లాగుతుందిరా," అంది అక్క. "అదేం లెక్కలోది కాదు."

"కాస్త లాగినా లాగినట్టే."

"అయితే అంచు కోసుకుపో," అన్నాడు చిన్నోడు. "తొట్టి నాది."

"అంచు లేని తొట్టిలో ఏం కడుక్కుంటావురా?"

"నీ రక్తం."

మాట పూర్తయిందో లేదో, పెద్దోడి పలుగు లేచింది. చిన్నోడు సింకునే డాలుగా ఎత్తాడు. ఆ మోతకి గోడమీది పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. రెండో దెబ్బకి సింకు చిన్నోడి ముక్కుమీద పడింది. ముక్కు పక్కకి తిరిగింది, రక్తం పళ్ళాల మీద టపటపా కారింది. వాడు సింకుని పెద్దోడి మోకాళ్ళ మీదకి విసిరి, కిందకి వంగినవాడి మొహాన్ని మోకాలితో అందుకున్నాడు. భార్యలు డ్రమ్ము పక్కనే కలబడ్డారు. ఒకావిడ చేతిలో పట్టకారు, ఇంకొకావిడ చేతిలో ఫ్యాను రెక్క. ఎవరో సమ్మెట తీశారు. ఎవరన్నది తేలలేదు, ఎందుకంటే అక్క మధ్యలోకి వచ్చేసరికి దాని కర్ర మీద అన్నదమ్ములిద్దరి చేతులూ ఉన్నాయి.

అది దిగిన చోట ఆవిడ మెడ కింది ఎముక ఉంది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆవిడ మోకాళ్ళ మీద కూలబడింది. కుడిచెయ్యి ఆవిడ మాట వినడం మానేసింది. ఎవరూ చూడలేదు.

చిన్నోడు పెద్దోణ్ణి పడగొట్టి ఛాతీ మీద ఎక్కాడు. పలుగుని పీకకి అడ్డంగా పెట్టి, రెండు చేతులతో రెండు కొసలూ పట్టుకుని, తన బరువంతా దానిమీద వేశాడు. పెద్దోడి మడమలు రేకు మీద టకటకా కొట్టుకున్నాయి. తల్లి వచ్చి చిన్నోడి వీపు మీద రెండు చేతులతో బాదింది. వాడు కదల్లేదు. అక్క ఎడంచేత్తో వాడి కాలరు పట్టి లాగింది. కాలరు ఊడి చేతిలోకి వచ్చింది, వాడు రాలేదు. పెద్దోడి పెదవులు నీలంగా మారాయి. రేకు మీద చప్పుడు నెమ్మదించింది. ఇన్నేళ్ళూ ఆవిడ ఏ దెబ్బకైతే భయపడిందో, ఆ దెబ్బ చేతికందేంత దూరంలో, తీరిగ్గా, ఒక్కో అంగుళమే దిగుతోంది.

అప్పుడే ఆ మూల భార్యల కాలు తగిలి డ్రమ్ము దొర్లింది. కాలుతున్న వైర్లు నూనె గోనెసంచుల మీద పడ్డాయి. మంట సంచుల్ని నమిలి, పైన కట్టిన టార్పాలిను అంచుని పట్టుకుంది. కళ్ళద్దాలు లేకపోయినా ఆ వెలుగు మాత్రం ఆవిడకు కనబడింది. ఒంట్లో ఉన్న ఊపిరంతా పెట్టి అరిచింది:

"అంటుకుందిరా! అంటుకుంది!"

ఆ పెరట్లో ఆ రోజుల్లో ఆ మాటకి ఒక్కటే అర్థం. చిన్నోడి చేతులు పలుగు మీద సడలాయి. తల ఎత్తాడు.

"ఏది? ఏది అంటుకుంది? నాకు చూపించకుండా చెప్పకక్కా!"

సడలిన సందులోంచి పెద్దోడి గొంతులోకి ఇంత గాలి దూరింది. దాన్ని ప్రాణం నిలుపుకోవడానికి వాడుకోవచ్చు. వాడలేదు.

"అంటుకుంటే... నాదే..." అన్నాడు గురగురలాడుతూ.

"నీదేరా నాయనా, మొత్తం నీదే. లేచి తీసుకో!" అంది అక్క.

ఇద్దరూ తలలు తిప్పి చూశారు. టార్పాలిను సగం కాలి, ముక్కలు ముక్కలుగా రాలుతోంది. అంతటి వివాదంలోనూ ఆ మంటను తన వాటాలో కలుపుకోవాలో వద్దో పెద్దోడికి తేలలేదు.

"అది వాడిదే," అన్నాడు చిన్నోడు చివరికి, పలుగు వదిలేసి లేస్తూ.

"నీళ్ళు పోయకండి, నూనె అది! ఇసుక!" అని అరిచింది టీచరు, తరగతిలో అరిచినట్టే. ఆ గొంతుకి ఎవరైనా వింటారు. కోడళ్ళిద్దరూ ఒకరి జుట్టు ఒకరు వదిలి చెరో రేకూ అందుకుని గోడవార ఉన్న ఇసుక ఎత్తి పోయడం మొదలుపెట్టారు. పెద్దోడు లేవబోయి కూలిపోయాడు. చిన్నోడు వాణ్ణి కాళ్ళు పట్టుకుని వీధిలోకి ఈడ్చాడు. దారిలో పెద్దోడి తల గడపకి రెండుసార్లు కొట్టుకుంది. రెండోసారి కావాలని కాదనే అనుకోవాలి. మళ్ళీ లోపలికి పరిగెత్తి, కుర్చీలో కూలబడిన తల్లిని కుర్చీతో సహా ఎత్తుకొచ్చాడు. అరచేతుల చర్మం ఆ కుర్చీ ఇనుప కాళ్ళకి అంటుకుపోయింది. అది ఎవరి వాటా అని ఎవరూ అడగలేదు.

ఆసుపత్రిలో ముగ్గురినీ ఒకే వార్డులో పడుకోబెట్టారు. అక్కకి భుజం చుట్టూ కట్టు. పెద్దోడికి మెడ మీద ఊదారంగు చార, నోట మాట లేదు. చిన్నోడికి ముక్కు మీద ప్లాస్టరు, రెండు చేతులకీ గుడ్డలు. కానిస్టేబులు వచ్చాడు. పెద్దోడి మెడ చూశాడు, చిన్నోడి మొహం చూశాడు, కుర్చీ లాక్కుని అక్క దగ్గర కూర్చున్నాడు.

"ఏం జరిగిందమ్మా?"

"సైన్సు ప్రయోగం చేస్తున్నామండీ. ప్రమాదం జరిగింది."

"ఇంటిల్లిపాదీనా? ఏం ప్రయోగం?"

"వేరుచేయడం."

"మరి ఫలితం?"

"వచ్చిందండీ. ఇద్దరూ వేరువేరు మంచాల మీదున్నారు."

కానిస్టేబులు చాలాసేపు ఆలోచించాడు. అతని కూతురు మూడో తరగతి, వచ్చే ఏడు ఆవిడ దగ్గరికే రావాలి. లేచి, టోపీ సర్దుకుని, జాగ్రత్తగా చేయాలమ్మా ఇలాంటివి, అని చెప్పి వెళ్ళిపోయాడు. అవతలి మంచం మీద పెద్దోడు ఏదో అనబోయాడు. గొంతు రాలేదు. ఇవతలి మంచం మీద చిన్నోడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇద్దరి మధ్యనున్న మంచం మీద ఆవిడ పడుకుంది, అలవాటైన చోటే కనక హాయిగానే నిద్రపట్టింది.

ఆ మంటల్లో మిగిలినవాటిని తర్వాత కదిపి చూస్తే, లౌడ్‌స్పీకరు అయస్కాంతం దొరికింది. బాగా కాలింది. గుండుసూది చూపించినా పట్టుకోవడం లేదు. అంటే, నాన్న మాట ప్రకారం ఇప్పుడు ఆ పెరట్లో ఏదీ దేనికీ అంటదు, కనక కొట్టంతా చిన్నోడిదే. చిన్నోడికి ఈ తర్కం తట్టలేదు. అక్కకి తట్టింది. ఆవిడ ఆ అయస్కాంతాన్ని ఎడంచేత్తో తీసి మురిక్కాలవలో పారేసింది. కాపాడుకోవాల్సిన సత్యాలు ఉంటాయి, పారేయాల్సినవీ ఉంటాయి.

పెరట్లో కుప్పలు మళ్ళీ కలిసిపోయి ఉన్నాయి. ఎవరి వైపు ఏదో ఎవరికీ గుర్తులేదు. పెద్దోడికి ఇంకా మాట రాలేదు, చిన్నోడి చేతులకి ఇంకా పిడికిలి పట్టడం లేదు, అందుచేత ఆ ఇంట్లో ఎన్నడూ లేనంత శాంతి నెలకొంది.

కట్లు విప్పకముందే ఒక సాయంత్రం బస్టాండు దగ్గర హోటలు నడిపే ఆయన తోపుడుబండి తోసుకుంటూ వచ్చాడు. కాలిన గోడలు చూసి అయ్యో అన్నాడు, తల్లిని పలకరించాడు, మంచినీళ్ళు తాగాడు. ఆ తర్వాత, హోటలుకి మరమ్మతులు చేయించినన్నాళ్ళూ దాచిపెట్టమని వాళ్ళ నాన్నకిచ్చిన తన స్టీలు సామాను ఎక్కడుందని అడిగాడు.

పళ్ళాలూ గ్లాసులూ ట్రేలూ బండిలోకి చేరాయి. తమ్ముళ్ళిద్దరూ చెరో పక్క పట్టి, చిన్నోడు మోచేతులతోనే, సింకు ఎక్కించారు. అన్నీ పెట్టాక కూడా బండిలో సగం ఖాళీ ఉంది.

అంచు కాస్త వంగిందని ఆయన గొణుక్కున్నాడు.